ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ఏది నొక్కాలి, ఏది తేలిగ్గా వదలాలి

మీరు అడిగింది ఇది: గ్రామర్ బాగానే ఉంది, పదాలకూ లోటు లేదు. అయినా విదేశీ క్లయింట్లతో కాల్ మాట్లాడుతుంటే మాటిమాటికీ "సారీ?" అంటున్నారు. స్ట్రెస్ (పదంలో ఒక భాగాన్నో, వాక్యంలో ఒక పదాన్నో నొక్కడం) లేకుండా ఒకే తీరున మాట్లాడుతున్నారని ఎవరో చెబితే, పదాలను నొక్కి పలకడం మొదలుపెట్టారు. ఇప్పుడేమో "ఎందుకంత కోపంగా మాట్లాడుతున్నావు?" అని టీమ్‌లో వాళ్లే అడుగుతున్నారు.

నేను చాలా ఏళ్లుగా తెలుగువాళ్లకు ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పుతున్నాను. మీకు వచ్చిన ఇబ్బందులు రెండూ ఒకే చోట పుట్టాయి. నొక్కాలని మీకు చెప్పారు, తగ్గించాలని చెప్పలేదు. నన్నడిగితే ఈ పనిలో ముప్పావు వంతు తగ్గించడమే.

ఒక్క పదంతో మొదలుపెడతాను. ఫొటోగ్రాఫర్. మనం దీన్ని ఫో, టో, గ్రా, ఫర్ అని నాలుగు ముక్కలుగా పలుకుతాం. నాలుగింటికీ నిండు గొంతు ఇస్తాం. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల నోట అది "ఫటాగ్రఫర్" లాగా వస్తుంది. మొదటి "ఫ" ఉందా లేదా అన్నట్టుంటుంది. "టా" మీద గొంతు లేచి, సాగుతుంది. "గ్ర", "ఫ" మళ్లీ నలిగిపోతాయి. అదే ఫొటోగ్రాఫ్ అయితే బరువు మొదటి ముక్క మీద పడుతుంది, ఫొటోగ్రాఫిక్ అయితే మూడో ముక్క మీద. మూడు పదాలూ ఒకే కుటుంబం, కానీ బరువు ఒక్కో పదంలో ఒక్కో చోట. ఇలా ఒక్క ఊపులో పలికే ముక్కను సిలబుల్ అంటారు. ఇకపై ఆ మాటే వాడతాను.

ఇక్కడ మన చెవి ఎందుకు ఒప్పుకోదో చూడండి. తెలుగులో హ్రస్వం ఎక్కడున్నా హ్రస్వమే, దీర్ఘం ఎక్కడున్నా దీర్ఘమే. కలం వేరు, కాలం వేరు. కల వేరు, కల్ల వేరు. నిడివి మారితే, ఒత్తు పడితే అర్థమే మారిపోతుంది కాబట్టి ఏ అక్షరాన్నీ మింగకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాం. స్పష్టంగా మాట్లాడటమంటే మనకు ప్రతి అక్షరానికీ దాని వాటా ఇవ్వడం. ఇంగ్లిష్‌లో ఒక సిలబుల్ పెద్ద వాటా తీసుకుంటుంది, మిగతావి చిన్నబోతాయి. అలా చిన్నబోయిన అచ్చుకు తెలుగులో అక్షరం లేదు. నోరు పెద్దగా తెరవకుండా, పెదాలు కదపకుండా, "అ"ను సగంలోనే వదిలేసినట్టుండే ధ్వని అది. దాన్ని ష్వా అంటారు. ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అచ్చు ఇదే. రాతలో a, e, o ఇలా ఏ అచ్చు అక్షరం ఉన్నా, స్ట్రెస్ లేనిచోట అది ష్వాగా మారిపోవచ్చు.

ఇప్పుడు మీ కోపం సంగతి. స్ట్రెస్ అంటే గట్టిగా పలకడమని చాలామంది అనుకుంటారు, మీరూ అలాగే మొదలుపెట్టి ఉంటారు. స్ట్రెస్ ఉన్న సిలబుల్‌లో నాలుగు మార్పులుంటాయి: కాస్త సాగుతుంది, గొంతు స్థాయి (శ్రుతి) మారుతుంది, అచ్చు నిండుగా వినిపిస్తుంది, శబ్దం కొంచెం పెరుగుతుంది. వీటిలో శబ్దం చేసే పని తక్కువే. 1955లో డెనిస్ ఫ్రై అనే బ్రిటిష్ ధ్వని శాస్త్రవేత్త ఆబ్జెక్ట్, పర్మిట్ లాంటి పదాల్లో నిడివినీ శబ్దతీవ్రతనూ విడివిడిగా మార్చి జనానికి వినిపించాడు. అది నామవాచకమా, క్రియా అని తేల్చుకోవడంలో విన్నవాళ్లు శబ్దం కన్నా నిడివి మీదే ఎక్కువ ఆధారపడ్డారు. తర్వాతి ప్రయోగంలో గొంతు స్థాయి అంతకన్నా బలమైన సూచన అని తేలింది. కాబట్టి గట్టిగా అనడం మానేయండి. సాగదీయండి, గొంతు లేపండి. శబ్దం పెంచకుండా, శ్రుతి మాత్రమే లేపి సాగదీస్తే ఎవరికీ కోపంగా అనిపించదు.

మరొకటి చెప్పాలి, ఇది తెలుగువాళ్లలో బాగా కనిపిస్తుంది. పద్యం నేర్చుకున్నప్పుడు గురువు, లఘువు గుర్తించారు కదా. సంయుక్తాక్షరానికో ద్విత్వాక్షరానికో ముందున్న అక్షరం గురువవుతుంది. ఈ లెక్క మనకు నోటి అలవాటు కూడా. అగ్రీ అనే పదాన్ని మనం "అగ్-రీ" అని విరుస్తాం, అప్లై అంటే "అప్-లై", రిప్లై అంటే "రిప్-లై". దాంతో మొదటి సిలబుల్ మనకు తెలియకుండానే గురువై కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో విరుపు ముందే పడుతుంది: అ-గ్రీ, అ-ప్లై, రి-ప్లై. మొదటిది ఈకంత తేలిక, బరువంతా రెండోదాని మీద. స్పెల్లింగ్‌లో జంట అక్షరం కనిపిస్తే ఇంకా ప్రమాదం. అకౌంట్‌ను "అక్కౌంట్" అంటాం, అపాయింట్‌మెంట్‌ను "అప్పాయింట్‌మెంట్" అంటాం. ఇంగ్లిష్‌లో పదం మధ్యలో జంట అక్షరం రాసినా సాధారణంగా ఒక్క హల్లే పలుకుతారు. ఆ ఒత్తు తీసేయండి చాలు, స్ట్రెస్ సగం తనంతట తానే సర్దుకుంటుంది. ఈ ఒక్క సవరణతో తేడా వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

పదాల చివర ఉకారం చేర్చే అలవాటు కూడా ఇలాంటిదే. వర్కు, రోడ్డు, లిస్టు అనేసరికి లేని సిలబుల్ ఒకటి పుట్టుకొస్తుంది. ఆస్క్‌డ్, వర్క్‌డ్ లాంటివి ఇంగ్లిష్‌లో ఒక్క సిలబులే. వాటిని రెండు చేస్తే వాక్యం నడకంతా చెడుతుంది.

స్ట్రెస్ తప్పితే నష్టమేంటని మీరు అడగవచ్చు. ఒకసారి మాక్ ఇంటర్వ్యూలో ఒకబ్బాయి ఎంతో నిజాయితీగా "ఐ వాంట్ టు బిల్డ్ మై క్యారియర్ ఇన్ టెస్టింగ్" అన్నాడు. చెప్పదలచుకున్నది ఉద్యోగ జీవితం గురించి. అది "క-రీర్", బరువు రెండో సిలబుల్ మీద. అతను పలికింది "క్యా-రి-అర్", అంటే సామాను మోసేది. మాటల సందర్భం లేకపోతే అది వేరే పదమే. ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. డెజర్ట్‌లో మొదటి సిలబుల్ నొక్కితే ఎడారి, రెండోది నొక్కితే భోజనం చివర తినే తీపి. కంటెంట్‌లో మొదటిది నొక్కితే విషయం, రెండోది నొక్కితే తృప్తి. ఇన్‌వాలిడ్‌లో మొదటిది నొక్కితే మంచాన పడిన మనిషి, రెండోది నొక్కితే చెల్లనిది. మీరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కాబట్టి ఈ చివరిది రోజూ వాడుతుంటారు: ఇన్-వా-లిడ్, మధ్యది నొక్కాలి.

రికార్డ్ అనే పదాన్ని కాస్త ప్రత్యేకంగా చూడండి. తెలుగులో రికార్డు అనే మాట బాగా స్థిరపడింది, మనం దాన్ని నామవాచకంగానే వాడతాం. ఇంగ్లిష్‌లో అలా రెండో సిలబుల్ నొక్కితే అది క్రియ, రికార్డ్ చేయడం. నామవాచకం కావాలంటే మొదటిది నొక్కి "రె-కర్డ్" అనాలి. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్, పర్మిట్, కాంట్రాక్ట్ అన్నీ ఈ దారిలోనివే. అలాగని ప్రతి రెండు సిలబుల్స్ పదానికీ ఈ సూత్రం పూయకండి. రిపోర్ట్, రిప్లై, కంట్రోల్, సపోర్ట్ ఎలా వాడినా బరువు రెండోదాని మీదే. విజిట్, కామెంట్ ఎలా వాడినా మొదటిదాని మీదే.

సూత్రాలు చాలా ఉన్నాయి, నేను రెండే చెబుతాను. షన్ అని ముగిసే పదాల్లోనూ, ఇక్, ఇటీ అని ముగిసే పదాల్లోనూ ఆ ముగింపుకు ముందున్న సిలబుల్ నొక్కాలి: ఇన్ఫర్మేషన్‌లో "మే", ఎలక్ట్రానిక్‌లో "ట్రా", ఎబిలిటీలో "బి". టెలివిజన్, పాలిటిక్స్, అరబిక్ దీనికి లొంగవు, వాటిలో మొదటిదే నొక్కాలి. ఈర్, ఈ అని దీర్ఘంగా ముగిసేవాటిలో ఆ ముగింపే బరువు మోస్తుంది: ఇంజినీర్, ట్రైనీ, ఎంప్లాయీ. కమిటీ మాత్రం మధ్యలో, "మి" మీద. మిగతావి డిక్షనరీలో చూసుకోవడమే మేలు. అక్కడ ఉచ్చారణ రాసిన చోట పైన చిన్న నిలువు గీత ఉంటుంది. ఆ గీత తర్వాత వచ్చే సిలబుల్‌ను నొక్కాలి. గీతకు ముందున్నదని పొరబడినవాళ్లు చాలామంది. గీత కింది వైపు ఉంటే అది రెండో స్థాయి బరువు, మొదట్లో దాన్ని పట్టించుకోకండి.

వినేవాళ్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. మాటల ప్రవాహంలో పదాల మధ్య ఖాళీలు ఉండవు. మరి పదం ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుంది? 1987లో యాన్ కట్లర్, డేవిడ్ కార్టర్ అనే పరిశోధకులు ఇంగ్లిష్ సంభాషణలను లెక్కగట్టి చూస్తే, అర్థం మోసే పదాల్లో సుమారు 90 శాతం నిండు అచ్చు ఉన్న బలమైన సిలబుల్‌తోనే మొదలవుతున్నాయి. అందుకే ఆ భాషలో పుట్టి పెరిగిన చెవి, బలమైన సిలబుల్ వినగానే కొత్త పదం మొదలైందని పట్టుకుంటుంది. మనం ప్రతి సిలబుల్‌నూ నిండుగా పలికితే ఆ చెవికి ప్రతిచోటా కొత్త పదమే మొదలైనట్టుంటుంది. వాళ్లు "సారీ?" అనేది మీ ఇంగ్లిష్ తక్కువై కాదు, ఆనవాళ్లు దొరక్క. ఇది అర్థమైతే కాల్ ముందు వచ్చే టెన్షన్ కూడా చాలావరకు తగ్గుతుంది.

ఇక వాక్యం. పదాల కన్నా దీన్నే ముందు నేర్చుకోమంటాను. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు అర్థం చెడగొట్టేవేమిటో జెన్నిఫర్ జెన్కిన్స్ అనే భాషా పరిశోధకురాలు పరిశీలించి 2000లో ఒక జాబితా ఇచ్చారు. పదంలోని స్ట్రెస్‌ను ఆమె తప్పనిసరి వాటిలో చేర్చలేదు కానీ, వాక్యంలో ముఖ్యమైన పదాన్ని నొక్కడాన్ని చేర్చారు. పదంలోని స్ట్రెస్ విషయంలో నేను ఆమెతో పూర్తిగా ఏకీభవించను, మీ క్లయింట్లు ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్లైతే అదీ కావాలి. వాక్యం విషయంలో మాత్రం ఆమె మాటే నా మాట.

వాక్యంలో స్ట్రెస్ మనకు కొత్తేమీ కాదు. ఆ పనిని తెలుగులో "ఏ" చేస్తుంది. "నిన్న రవి నాకు కొత్త ఫైల్ పంపాడు" అనే వాక్యం తీసుకోండి. "రవే పంపాడు" అంటే ఇంకెవరో కాదు. "నాకే పంపాడు" అంటే వేరేవాళ్లకు కాదు. "కొత్త ఫైలే" అంటే పాతది కాదు. "నిన్ననే" అంటే ఇవాళ కాదు. "పంపనే పంపాడు" అంటే పంపలేదన్న అనుమానమే వద్దు. ఇంగ్లిష్‌లో ఈ "ఏ" లేదు. "రవి సెంట్ మీ ద న్యూ ఫైల్ ఎస్టర్‌డే" అనే ఒక్క వాక్యంలో, తెలుగులో "ఏ" ఎక్కడ తగిలిస్తామో అక్కడ గొంతు లేపి సాగదీస్తారు: "రవి" మీద, "మీ" (నాకు) మీద, "న్యూ" మీద, "ఎస్టర్‌డే" మీద. కాబట్టి నొక్కేది తేల్చుకోలేకపోతే, అదే మాట తెలుగులో అయితే "ఏ" ఎక్కడ పెడతారో మనసులో అనుకోండి. జవాబు అక్కడే ఉంటుంది.

"ఏ" అవసరం లేని మామూలు వాక్యంలో అర్థం మోసే పదాలు, అంటే నామవాచకాలు, ప్రధాన క్రియలు, విశేషణాలు బరువు మోస్తాయి. వాటిలోనూ చివరిదానికి ఎక్కువ. పై వాక్యంలో అది "ఫైల్". చివర వచ్చే నిన్న, ఇప్పుడు లాంటి కాలం మాటలను మామూలుగా తేలిగ్గా వదిలేస్తారు. ద, టు, ఆఫ్, ఈజ్, హ్యావ్, ఫర్, అండ్ లాంటి చిన్న మాటలు నలిగిపోవాలి. "ఫర్" అన్నది "ఫ", "అండ్" అన్నది ఉత్త "న్" అయిపోతుంది. ఇది బద్ధకం కాదు, బాగా చదువుకున్నవాళ్లూ మాట్లాడేది ఇలాగే.

మీరు కోపంగా వినిపించడానికి అసలు కారణం బహుశా ఇక్కడే ఉంది. చిన్న మాటలను నొక్కితే ఇంగ్లిష్‌లో అది వాదన అవుతుంది. "ఐ హ్యావ్ సెంట్ ద మెయిల్" అనేటప్పుడు "హ్యావ్"ను నొక్కితే వినేవాళ్లకు "పంపానని చెబుతున్నాగా!" అన్నట్టుంటుంది. "సెంట్", "మెయిల్" నొక్కి "హ్యావ్"ను మింగేస్తే "మెయిల్ పంపానండీ" అవుతుంది. "కెన్ యు చెక్ ఇట్?" అనేటప్పుడు "యు"ను నొక్కితే "నువ్వు చూడొచ్చుగా" అని వేలెత్తి చూపినట్టు. "చెక్" నొక్కితే మామూలు అభ్యర్థన. అన్ని పదాలనూ సమానంగా నొక్కితే చిన్నపిల్లలను మందలించినట్టుంటుంది. మీరు నొక్కడం తప్పు కాదు, నొక్కిన చోట్లు తప్పు.

కెన్, కాంట్ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో పని దెబ్బతింటుంది. నా దగ్గర నేర్చుకున్న ఒకామె "ఐ క్యాన్ జాయిన్ ఆన్ మండే" అని క్యాన్‌ను నిండుగా, స్పష్టంగా చెప్పింది. అవతలివాళ్లు "రాలేను" అందని అర్థం చేసుకుని మీటింగ్ వాయిదా వేశారు. మామూలుగా "కెన్" నలిగి "కన్" అయిపోతుంది, బరువు తర్వాతి క్రియ మీద పడుతుంది: "ఐ కన్ జాయిన్". నిండు అచ్చుతో సాగేది "కాంట్" మాత్రమే. చివరి "ట్" ఫోన్లో సరిగా వినిపించదు కాబట్టి, వినేవాళ్లు రెండింటినీ విడదీసేది ప్రధానంగా ఈ బరువుతోనే. ఇక థర్టీన్, థర్టీ. విడిగా చెప్పేటప్పుడు థర్టీన్‌లో రెండో సిలబుల్ సాగాలి, చివర "న్" నిలవాలి. థర్టీలో మొదటిది నొక్కి రెండోది చటుక్కున వదలాలి. వరసగా లెక్కపెట్టేటప్పుడు థర్టీన్‌లోనూ బరువు మొదటికి జరుగుతుంది, కాబట్టి తేదీలు, మొత్తాలు చెప్పినప్పుడు "వన్ త్రీ" అని అంకెలు కూడా చెప్పేయండి.

మనవాళ్లు ఎక్కువగా తప్పే చోటు మరొకటుంది. ఒకసారి వచ్చిన మాట మళ్లీ వస్తే దాన్ని నొక్కకూడదు. "వి హ్యావ్ ఎ సర్వర్, బట్ వి నీడ్ ఎ బిగ్గర్ సర్వర్." రెండోసారి వచ్చిన "సర్వర్" పాత సంగతి, దాన్ని నేల మీద పెట్టేయాలి. కొత్త సంగతి "బిగ్గర్". అక్కడ మళ్లీ సర్వర్‌ను నొక్కితే వినేవాళ్లు ఇంకేదో సర్వర్ వచ్చిందని వెతుక్కుంటారు. లాగిన్, బ్యాకప్ లాంటివి పేర్లుగా వాడితే మొదటిది నొక్కాలి. క్రియలుగా, "లాగ్ ఇన్", "బ్యాక్ అప్" అన్నప్పుడు చివరిది.

సాధనకు నేను చెప్పేది ఇది. "కిడ్స్ రీడ్ బుక్స్" అంటూ మూడు మాటలకు మూడు సార్లు బల్ల మీద వేలితో తట్టండి. తర్వాత అదే మూడు తట్లలో "ద కిడ్స్ ఆర్ రీడింగ్ ద బుక్స్" అనండి. ఆ తర్వాత "ద కిడ్స్ హ్యావ్ బీన్ రీడింగ్ ద బుక్స్". తట్లు పెరగకూడదు, చిన్న మాటలు వాటి మధ్య ఇరుక్కుని పోవాలి. ఇంగ్లిష్ లయ ఇలాంటిదని 1945లో కెనెత్ పైక్ అనే భాషా శాస్త్రవేత్త దానికి "స్ట్రెస్-టైమ్డ్" అనే పేరు కూడా పెట్టాడు. తర్వాత యంత్రాలతో కొలిస్తే, నొక్కిన సిలబుల్స్ మధ్య విరామాలు కచ్చితంగా సమానంగా ఏమీ లేవని తేలింది. అయినా నోటిని వంచడానికి ఇంతకన్నా మంచి కసరత్తు నాకు దొరకలేదు. మొదటి వారం నోరు తిరగదు, మాటలు మింగుతున్నామన్న సిగ్గు కూడా వేస్తుంది. అది సహజం.

రెండోది, మీ పనిలో రోజూ వచ్చే పదాలు ఇరవై రాసుకోండి. డెవలప్, ఈవెంట్, సక్సెస్, ఫెసిలిటీ, టెక్నాలజీ, కంఫర్టబుల్ ఇలా. ఒక్కోదానికి డిక్షనరీలో ఉచ్చారణ విని, నొక్కే సిలబుల్ కింద గీత గీయండి. డెవలప్‌లో "వె" అని, ఈవెంట్‌లో "వెంట్" అని, సక్సెస్‌లో "సెస్" అని చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఒకే కాల్‌లో అన్నీ మార్చాలని చూడకండి, రోజుకు రెండు చాలు. ఫోన్లో మీ గొంతు రికార్డు చేసుకుని వినండి. వినేటప్పుడు మాటలు పట్టించుకోకుండా, అదే వాక్యాన్ని నోరు మూసుకుని కూనిరాగంగా తీయండి. ఆ రాగంలో ఎత్తుపల్లాలు ఉంటే స్ట్రెస్ వచ్చినట్టు, ఒకే గీతలా సాగిపోతే రానట్టు.

యాస మార్చుకోవాలని మాత్రం తాపత్రయపడకండి. మన ట, డ లతో ఎవరికీ ఇబ్బంది లేదు. వేగం పెంచితే ధారాళంగా మాట్లాడినట్టు అవుతుందనుకోవడం కూడా పొరపాటే. వేగం పెరిగితే మొదట చదునైపోయేది ఈ ఎత్తుపల్లాలే.

ఈలోపు కాల్‌లో మళ్లీ "సారీ?" అంటే వాక్యమంతా గొంతు పెంచి తిరగ్గా చెప్పకండి. అర్థంకానిది సాధారణంగా ఒక్క పదమే. ఆ పదాన్ని మాత్రమే, నొక్కాల్సిన సిలబుల్‌ను బాగా సాగదీసి, ఒకసారి విడిగా అనండి. ఒక క్షణం ఆగి, అప్పుడు వాక్యం మామూలు గొంతుతో చెప్పండి.